కిటికీ పక్క కుర్చీ

“మెరుపు వేగమని వీధివీధికీ బోర్డులు పెట్టారే! అదే బిల్లు కట్టే పై వాటావాళ్ళకి పరుగు, మాకేమో నత్తనడకా?” నెట్ బాగుచెయ్యడానికొచ్చిన మెకానిక్ మీద మేష్టారు విరుచుకుపడ్డారు.

కిటికీ పక్క కుర్చీలోంచి భార్య, నెట్‌లో క్రికెట్ మ్యాచ్ వస్తున్న టీవీ చూపించింది. “ఏమండీ, ఈ బంతికి ఔట్. పందెమా?”

“పందెం!”

ఔటే అయ్యాడు. ఇవాళా గిన్నెలు తోమాల్సింది మేష్టారే.

“పైవాళ్ళకి మ్యాచ్ మీకంటే ముందే వచ్చేస్తోందండీ,” అన్నాడు మెకానిక్.

అంతలో పై వాటాలోంచి “సిక్సర్!” అన్న కేక కిటికీలోంచి దూసుకొచ్చింది. టీవీలో బౌలర్ ఇంకా బంతి తుడుచుకుంటున్నాడు.

“ఈసారి సిక్సర్,” అంది భార్య అమాయకంగా.

మేష్టారు కిటికీని చూశారు, భార్యని చూశారు, పకపకా నవ్వారు.

“స్పీడు పెంచమంటారా సార్?”

“ముట్టుకోకు బాబూ!” మేష్టారు భార్యని లేపి ఆ కుర్చీలో సర్దుకు కూర్చున్నారు. “రేపటి మ్యాచ్‌కి మా బావమరిది వస్తున్నాడు.”