గోరింటాకు పండిన వేలు

పోలింగు జరిగిన మర్నాడు సుగుణ ఇంట్లో కుళాయి రాలేదు. ఓటు వయసు పదేళ్లకు దించిన దగ్గర్నుంచీ, ఇంట్లో ఓటున్న ప్రతివాళ్లూ వేలి మీద సిరా గుర్తు చూపిస్తేనే కుళాయి నీళ్లు వదులుతుంది. అది సుగుణ వేలు చూసింది, మొగుడి వేలు చూసింది, కూతురు హిమజ దగ్గర మొరాయించింది. ఆషాఢం కదా అని ఆ పిల్ల ఓటేసి వచ్చిన సాయంత్రమే గోరింటాకు పెట్టుకుంది. ఎర్రగా పండిన గోటిలో సిరా కలిసిపోయింది.

బిందె చంకన పెట్టుకుని, పిల్లని రెక్క పట్టుకుని సుగుణ వార్డు ఆఫీసుకి పోయింది.

"మళ్లీ వేయించమ్మా, కుడిచేతికి సిరా పెడతాం," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

"రెండోసారి వేస్తే దొంగ ఓటు కాదాండీ?"

"వెయ్యకపోతే నేరం. రెండుసార్లు వేస్తే ఏంటన్నది మాకెవరూ చెప్పలేదు."

హిమజ ఆఫీసు మూలనున్న ఓటు మిషను ముందు నిలబడింది. "నిన్న బొమ్మ బాగుందని గొడుగు నొక్కానమ్మా. ఇయ్యాళ ఏది నొక్కను?"

సుగుణ ఖాళీ బిందెను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"ఏదో ఒకటి నొక్కి చావవే. పదిహేనేళ్ల నుంచీ నేను నొక్కుతున్నదీ నీళ్ల కోసమే."