బుధవారం అమ్మ వంట

"జామ్ ఎందుకు రాశావ్? మనింట్లో జామ్ ఎవరు తింటారు?"

బజారు చీటీ మీద వేలు పెట్టి అడిగింది టీగన్. వయసు పన్నెండేళ్లే. సవతి తల్లిని నిలదీయడంలో మాత్రం పెద్ద ప్లీడరు.

"చవగ్గా ఇస్తున్నార్లే," అంది రేలీన్, సంచులు మడిచి చంకలో పెట్టుకుంటూ. గురువారం ఆమె బజారుకు వెళ్లే రోజు.

"అక్కర్లేనిది చవకైనా దండగే. అమ్మ అనేది."

అమ్మ అనేదంటే ఆ ఇంట్లో ఇక అప్పీలు లేదు. వాళ్లమ్మ జోడీ చనిపోయి ఏడాదిన్నర అయింది. వారంలో ఏ రోజు ఏం వండాలో ఆవిడ రాసిన పట్టిక ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది. సోమవారం పాస్తా. మంగళవారం గుడ్లు. శుక్రవారం సాసేజ్‌లు, బంగాళాదుంప ముద్ద. ధర తగ్గించి పసుపు చీటీ అంటించాకే కీమా కొనాలి. వయాలా ఊరి ఉక్కు ఫ్యాక్టరీ నుంచి తండ్రి గ్రాంట్ తెచ్చే జీతం ఆ పట్టికలో సరిగ్గా ఇమిడేది. బుధవారానికీ ఆదివారానికీ ఎదురుగా మాత్రం ఒకటే మాట ఉంది. ఫ్రీజరు.

ఇక బతకనని తెలిశాక జోడీ ఓపిక ఉన్నన్నాళ్లూ వండింది. గ్యారేజీలోని పెద్ద ఫ్రీజరులో డబ్బాలు పేర్చింది. ప్రతి మూత మీదా కాగితం టేపు, దాని మీద వంటకం పేరు, కింద "ముద్దులతో, అమ్మ". చివరి అక్షరానికి చిన్న తోక తిప్పేది.

"మిమ్మల్ని వదిలి ఎక్కడికి పోతానే? వారానికి రెండుసార్లు వస్తాగా," అంది కూతుళ్లతో.

అన్నట్టే వచ్చేది. బుధవారం డబ్బా మూత తీయగానే వంటింట్లోకి అమ్మ నడిచొచ్చినట్టుండేది. సాసేజ్ కర్రీలో ఏదో తీపి తగిలేది. అందులో ఏం వేసేదో ఎవరికీ చెప్పకుండానే పోయింది మహాతల్లి.

ఆరేళ్ల చెల్లెలు మిల్లీ ఓసారి డబ్బాలు లెక్కపెట్టబోతే టీగన్ చెయ్యి మీద చరిచింది.

"లెక్కపెట్టకు! లెక్కపెడితే అయిపోతాయి."

రేలీన్ వండినవి పళ్లెంలో సగం మిగిలేవి. అమ్మ డబ్బా తెరిచిన రోజు గిన్నె కడగక్కర్లేదు, మిల్లీ నాకేసేది. ఆ రెండు పూటలూ రేలీన్ కాల్చిన రొట్టె తిని లేచేది. "మీ అమ్మ మీకని చేసింది. నాకెందుకు?" అనేది.

ఒక్కోసారి మెల్లగా అడిగేది. "ఉప్పు సరిపోయిందా?"

"మా అమ్మ వంటకే వంకలా?" అని కస్సుమనేది టీగన్.

గురువారాలైతే మరీ వింతగా ఉండేవి. బడి నుంచి వచ్చేసరికి ఎముకలు కొరికే చలిలో కూడా కిటికీలు బార్లా తెరిచి ఉండేవి. పరదాలు ఊగుతుండేవి. ఇంట్లో ఎక్కడో సన్నగా అమ్మ వంట వాసన.

"అమ్మొచ్చి వెళ్లింది," అనేది మిల్లీ గుసగుసగా.

టీగన్‌కి ఒళ్లు జలదరించేది. భయంతో కాదు. ఓ పావుగంట ముందొస్తే దొరికేదేమోనని దిగులు. గ్యారేజీలోకి వెళ్లి, ఫ్రీజరు మూత ఎత్తి, ఆ చల్లటి పొగలో మొహం పెట్టి చెప్పుకునేది.

"అమ్మా, ఆవిణ్ని పంపించెయ్. నువ్వుంటే చాలు మాకు."

అమ్మ దారి చూపించిందనే అనుకుంది, బజారు బిల్లు చేతికి చిక్కిన రోజు. బిల్లునీ ఫ్రిజ్ మీది పట్టికనీ పక్కపక్కన పెట్టి తండ్రిని పిలిచింది.

"చూడు నాన్నా. సాసేజ్‌లు రెండు కిలోలు కొంది. శుక్రవారం మనం తిన్నది కిలో. మిగతాది వాళ్లక్కింటికి మోస్తోంది."

గ్రాంట్ భార్య వైపు తిరిగాడు. "ఏంటిది రేలీన్?"

"ఈ గడప దాటి ఒక్క ముక్క కూడా పోలేదు గ్రాంట్."

"మరేమైంది?"

రేలీన్ పిల్లలిద్దరి మొహాలూ చూసింది.

"సంసారం అన్నాక ఇంతమాత్రం చెప్పలేవా?" అన్నాడు గ్రాంట్. చెప్పలేదు. శనివారం పోర్ట్ అగస్టా నుంచి వాళ్లక్క కారొచ్చింది. వెళ్తూ వెళ్తూ రేలీన్ మిల్లీ స్వెటర్ గుండీలు పెట్టి వెళ్లింది.

ఆ సాయంత్రం టీగన్ ఫ్రీజరు మూత ఎత్తింది. "థాంక్స్ అమ్మా."

తర్వాతి గురువారం కిటికీలు మూసే ఉన్నాయి. ఇంట్లో ఏ వాసనా లేదు. ఆ పై గురువారమూ అంతే. నెల తిరక్కుండానే డబ్బాల మధ్య ఫ్రీజరు అడుగు కనిపించింది. ఆ పై నెలకి ఒక్కటే డబ్బా మిగిలింది. మంచులో ఒంటరిగా, తోక తిప్పిన సంతకంతో.

"అమ్మకి మన మీద కోపమొచ్చిందా అక్కా? ఇంక రాదా?" మిల్లీ వెక్కిళ్లు పెట్టింది.

ఆ డబ్బాని ఎవరూ ముట్టుకోకూడదు. దాని మీద "తెరవద్దు" అని అంటించాలి. టేపు కోసం టీగన్ ఇల్లంతా వెతికి, చివరికి బట్టలుతికే గదిలో రేలీన్ వదిలేసి పోయిన సొరుగు లాగింది.

కాగితం టేపు, నల్ల పెన్ను, సగమైన జామ్ సీసా, వాటి అడుగున రేలీన్ పేరు రాసిన నోటుపుస్తకం ఉన్నాయి. అందులో మొదటి పేజీ నిండా "ముద్దులతో, అమ్మ", "ముద్దులతో, అమ్మ" అని వంకరటింకరగా కొట్టివేతలతో ఉంది, చివరి పేజీకొచ్చేసరికి ఆ చిన్న తోకతో సహా అచ్చం అమ్మ రాసినట్టే ఉంది.