తలుపు లేని గది

"ఇల్లు మనదేనోయ్, ఓనరు తాళం చేతికిచ్చారు!" అని మొగుడు ఫోన్ చేయగానే, ఇళ్ల ప్లాన్లు గీసే కొత్త పెళ్లికూతురికి కాళ్లు నేల మీద ఆగలేదు. చీకటిపడి ఆఫీసు ఖాళీ అయినా, అతను కొలిచి పంపిన గదులన్నీ కంప్యూటర్‌లో గీసేసింది. ఒకదాన్నొకటి దాటిన గోడల గీతల్ని కత్తిరించేసరికి, వంటగదికీ పడకగదికీ మధ్య మనిషి పట్టేంత పెట్టె మిగిలింది. అందులో రంగు పోస్తే బయటికి పోకుండా నిండుగా నిలిచింది. అంటే ఎక్కడా సందు లేదు, తలుపూ లేదు.

ఆమె అనుమానంగా మళ్లీ ఫోన్ చేసింది.

"కొలతలు సరిగ్గానే తీశారా, మహానుభావా?"

"రెండుసార్లు తీశాను తల్లీ!"

"అయితే వంటగది గోడ మీద ఒకసారి కొట్టండి."

ఫోన్‌లో టక్, టక్ అని వినిపించింది.

"బోలుగానే ఉందండీ!"

"ఏది? కొలతలయ్యాక వేసిన తాళం నేనింకా తీయనేలేదు, వరండాలో ఉన్నాను."

టక్, టక్.

"తీయకండి, వచ్చేయండి. రేపు పొద్దున్నే ఆ తాళం తిరిగిచ్చేద్దాం."