నీలం వైరు, పసుపు వైరు

“అవి వద్దమ్మాయ్. లాగితే ఊడొచ్చేవి తీసుకో,” అంది అత్తగారు, కోడలు ఏరుకున్న, మోటారు వైర్లు కలిపే బిగుతు కనెక్టర్లను దుకాణదారు ముందుకు తోసేస్తూ.

కోడలికి అక్కడే అనుమానం మొదలైంది. ఇంకాసేపట్లో రిమోట్ కార్ల ఫైనల్. బరిలో మిగిలింది అత్తగారు, తను, ఒక దర్జీ. ఇంట్లో షోకేసు నిండా అత్తగారి కప్పులే. ఒక్కటైనా తనది పెట్టాలని కోడలి పంతం. పోటీలో ఉన్న మనిషి మంచి సలహా ఇస్తుందా? వేప తీపు, అత్త మంచి ఉండవని ఊరికే అన్నారా?

“పరుగు మధ్యలో ఊడిపోతే, అత్తయ్యా?”

“ఊడవు. మోటారు పాడైతే మాత్రం క్షణంలో మార్చుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త. మూడు వైర్లలో ఏ రెండు తారుమారైనా బండి వెనక్కి పోతుంది.”

దుకాణదారు కూడా తలూపాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారేమో అనుకుంటూనే కొంది. టంకం వేసింది కూడా అత్తగారే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

ట్రయల్ బాగానే నడిచింది. ఏదో మాడిన వాసన వస్తే పక్కవాళ్ల బండిదనుకుంది. మొహం కడుక్కుని వచ్చేసరికి అత్తగారు కోడలి బల్ల దగ్గర నుంచి లేస్తోంది. ఏదో చెప్పబోయింది గానీ కోడలు వినిపించుకోలేదు. ఆమె అటు వెళ్లగానే బండి ఎత్తి చూసింది. నీలం వైరు పసుపుకి, పసుపు వైరు నీలానికి తగిలించి ఉన్నాయి.

కోడలికి ఒళ్లు మండిపోయింది. నలుగురిలో గొడవెందుకని, చప్పుడు చేయకుండా రెండూ ఊడలాగి రంగుకి రంగు కలిపేసింది. ఆ కనెక్టర్లు నిజంగానే క్షణంలో పని కానిచ్చాయి.

పందెం మొదలయ్యే గీత దగ్గర అత్తగారి బండి లేదు. ఇది ఇంకేం ఎత్తో అనుకుంది కోడలు. జెండా ఊగింది. దర్జీ బండి ముందుకు దూసుకుపోయింది. కోడలి బండి అంతే జోరుగా వెనక్కి పోయి గోడకు గుద్దుకుంది. చక్రం ఊడి దొర్లిపోయింది.

అత్తగారు పరుగున వచ్చి బండి తిరగేసి చూసింది.

“ఈ వైర్లెవరు మార్చారు? నా మోటారు నీ దానికి ఎదురు దిక్కులో తిరుగుతుందనే కదా అటుదిటు పెట్టాను.”

“మీ మోటారా? నా బండిలోనా?”

“నీది మాడిపోయింది మరి. అందుకే నాది నీకు పెట్టి నేను తప్పుకున్నాను,” అంది అత్తగారు, ఊడిన చక్రం ఏరుకుంటూ. “పొద్దున్నే షోకేసులో నీ కప్పుకి చోటు కూడా చేసి వచ్చానమ్మాయ్.”