ఖాళీ లేని రిక్షా

"హిమాయత్‌నగర్ వస్తవా?"

"రాను."

"నువ్వు?"

"నాంపల్లి టేసన్‌కైతే వస్త. రైలొచ్చే టైమైంది."

ఆబిడ్స్‌లో ఆడపిల్లల బడి విడిచేది నాలుగింటికి. సరిగ్గా ఆ వేళకే రిక్షావాళ్లందరికీ నాంపల్లి స్టేషన్ మీద ప్రేమ పుట్టుకొచ్చేది. పెట్టెలూ మూటలూ ఉన్నవాళ్లు ముద్దు, పుస్తకాల సంచి ఉన్నవాళ్లు చేదు.

అనసూయ రోజూ ఆఫీసులో బతిమాలి ముందుగా బయటపడేది. ఇక్కడికొచ్చి రిక్షావాళ్లను బతిమాలేది. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఏడేళ్ల సౌభాగ్య ఒక్కతే. పిల్ల ఇల్లు చేరేదాకా ఆమె మనసు మనసులో ఉండేది కాదు.

గేటు పక్కన మాత్రం ఒక రిక్షా రోజూ ఖాళీగానే ఉండేది. చిరిగిన టాపు, తుప్పు పట్టిన గంట. తొక్కేవాడు గట్టయ్య, పండు ముసలి.

"ముసలోడా, వస్తవా?"

"ఖాళీ లేదమ్మా."

"సీట్ల ఎవరు కూసున్నరు? మీ తాత దయ్యమా?"

పక్కనున్న తల్లులు కిసుక్కున నవ్వేవాళ్లు. గట్టయ్యా నవ్వేవాడు.

"పనిదొంగ," అనేది అనసూయ, అతనికి వినబడేటట్టే. "కల్లు తాగి కునుకు తీసేందుకు బడి గోడ దొరికింది."

ఒకనాడు చినుకులు మొదలయ్యాయి. ఒక్క రిక్షా ఆగలేదు.

"ఇయ్యాలన్న రా. పిల్ల తడుస్తున్నది."

గట్టయ్య గేటు వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "రాలేనమ్మా. బిడ్డకు నువ్వున్నవు గద."

అనసూయకు అరికాలి మంట నెత్తికెక్కింది. రిక్షావాడు తనకు నీతులు చెప్పడమా! నేరుగా చౌరస్తాలో ఉన్న పోలీసు దగ్గరికి పోయింది.

"ఆడపిల్లల బడి ముందట రోజూ ఈ ముసలోనికేం పని? కిరాయికి రాడు. పొమ్మంటే పోడు. అడుగున్రి జర."

పోలీసు వచ్చి అడిగాడు. "ఏందిరా, ఎవరి కోసం నిలబడ్డవ్?"

"పిల్లల కోసమే సారూ."

"నీ పిల్లలా?"

"కాదు సారూ."

ఆ మాట చాలింది. లాఠీ వీపు మీద రెండుసార్లు పడింది. సంగతి విని, రిక్షా కిరాయికిచ్చిన సేటు దాన్ని గుంజుకున్నాడని మర్నాడు తెలిసింది.

'పీడ పోయింది,' అనుకుంది అనసూయ.

నాలుగు రోజులకు ఆఫీసులో పెద్దసారు ఫైలు పట్టుకుని కదలనివ్వలేదు. ఆమె బయటపడేసరికి అయిదున్నర. కుండపోత వాన. మోకాళ్ల లోతు నీళ్లలో పరుగెత్తుకొచ్చింది.

గేటుకు తాళం.

"సౌభాగ్యా!"

పలికినవాళ్లు లేరు. ఎవరైనా చెయ్యి పట్టుకుని రైలెక్కిస్తే? స్టేషన్‌కు ఉరికింది. ప్లాట్‌ఫారం మీద కనబడిన ప్రతి పిల్ల మొహం చూసింది. ఎక్కడా దొరకక, దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరింది.

గడప మీద సౌభాగ్య కూర్చుని ఉంది. తలమీద గోనెసంచి. కింద బట్ట తడవలేదు.

"ఎవరు తెచ్చిన్రే నిన్ను?"

"రిక్షా తాత. రిక్షా లేదట, భుజం మీద ఎక్కించుకుని నడిచొచ్చిండు. సందు మలుపుల నువ్వు కనబడంగనే పోయిండమ్మా."

అనసూయ సందు చివరిదాకా పరుగెత్తింది. వాన తప్ప ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున్నే బడి ఆయా పోశవ్వను పట్టుకుంది.

"గట్టయ్య ఏడుంటడు?"

"ఉండుడేంది? పొద్దుగాల రైలుకు ఊరికి పోయిండు. రిక్షా లేనోనికి పట్నంల ఏం పని?"

"నిన్న మరి ఎందుకొచ్చిండు?"

పోశవ్వ ఆమెను కిందినుంచి మీదిదాకా చూసింది, ఇన్నాళ్లూ ఆమె గట్టయ్యను చూసినట్టే.

"అందరు తల్లులు వచ్చి ఎవరి పిల్లను వాళ్లు తీస్కపోతరు. ఎవరూ రాక ఆఖరుకు ఒక్క పిల్ల మిగుల్తది చూడు, ఆరేండ్ల సంది గా పిల్ల కోసమే రిక్షా ఖాళీగ ఉంచుకుంట వచ్చిండమ్మా."