ఐదింటికి వచ్చే లింకు

“ఎవడో నిన్ను కనిపెట్టుకునే ఉన్నాడే. నా మాట విని ఆ లింకులు నొక్కకు.”

టీ గ్లాసు అందిస్తూనే అంది తల్లి.

“ఇవాళ ఇంకా ఏమీ రాలేదు కదమ్మా” అని నవ్వింది కూతురు.

“వస్తుందిగా. ఐదు కొట్టనీ.”

ఐదయింది. ఫోను టింగుమంది.

ఏడాది మధ్యలో బళ్ళో ఎవరో మానేస్తే, ఆ చోట్లో కూతురు టీచరుగా చేరి నెలన్నర. చేరిన మూడో రోజు నుంచీ ఇదే తంతు. పేరు లేని నంబరు. రోజుకో లింకు. భిన్నాలు చెప్పాలంటే రొట్టె కోసి చూపే వీడియో. ఆవిరి గురించి చెప్పాలంటే గిన్నె, మూతతో చేసే ప్రయోగం. ఏదైనా సరే, మర్నాటి పాఠానికి కొలిచినట్టు సరిపోయేది.

“రేపు నువ్వేం చెప్తావో వాడికెలా తెలుసే?”

“పుస్తకంలో వరసుంటుందిగా. ఎవరో టీచరే అయ్యుంటారు. నేను స్టాఫ్ గ్రూపులో కూడా పెడుతున్నా. అందరూ వాడుకుంటున్నారు.”

“పేరడిగావా?”

“అడిగా. ‘పాఠం చూసుకోండి, చాలు’ అని రాశారు.”

తల్లి చదివింది ఏడో తరగతే. కానీ లింకు నొక్కితే ఫోనులో ఉన్నదంతా ఊడ్చుకుపోతారని పక్కింటావిడ చెప్పింది మాత్రం మర్చిపోలేదు.

కూతురు వచ్చిన మెసేజి చదివి, ఫోను బోర్లా పెట్టింది.

“ఏముందే? చూపించు.”

‘మూడో బెంచీలో కిటికీ పక్క పాపకు బోర్డు ఆనదు. అడిగితే ఆనుతోందనే అంటుంది. తనకి పెద్ద అక్షరాలది విడిగా పంపాను, ప్రింటు తీసివ్వండి.’

తల్లి రెండుసార్లు చదివింది.

“బెంచీలు కూడా లెక్కపెడుతున్నాడే! కిటికీలోంచి చూస్తున్నాడు!”

ఈసారి కూతురు నవ్వలేదు.

“గురువారం అయిపోనీ అమ్మా. హెడ్మాస్టరు వెనక బెంచీలో కూర్చుని నా పాఠం వింటారు. నచ్చితేనే ఉద్యోగం ఖాయం. ఆ సంగతి ఈయనకీ రాశా. ఇవి లేకపోతే నేను గట్టెక్కలేను.”

“ముందు నువ్వు దక్కితే కదా ఉద్యోగం!”

కూతురు స్నానానికి వెళ్ళగానే, తల్లి తన ఫోనులోంచి ఆ నంబరుకి చేసింది.

ఎత్తారు. మాట లేదు. సన్నగా, ఈల వేస్తున్నట్టు ఊపిరి.

“ఎవడ్రా నువ్వు? ఆడపిల్ల వెంట పడతావా?”

ఊపిరి ఇంకాస్త గట్టిగా వినిపించింది.

“పలకవేం? నోరు పడిపోయిందా?”

టక్, టక్‌మని వేలితో ఫోను మీద కొట్టిన చప్పుడు.

తల్లి ఠక్కున పెట్టేసింది. కూతురి ఫోను తీసి ఆ నంబరుని బ్లాక్ చేసింది. అమ్మకాలవాళ్ళ ఫోన్ల గోల పడలేకపోతుంటే, అదెలాగో ఒకప్పుడు కూతురే నేర్పింది.

మంగళవారం ఐదయింది. ఫోను పలకలేదు. బుధవారం కూడా.

హమ్మయ్య, పీడ విరగడైంది అనుకుంది తల్లి.

గురువారం కూతురు వచ్చి, చెప్పులైనా విప్పకుండా కూలబడింది.

“తేలిపోయానమ్మా. దొరికిన వీడియో ఏదో పెట్టా. సగంలో ఆగిపోయింది. ఆ కిటికీ పక్క పాపకి ఏమీ ఆనక ఏడ్చేసింది. హెడ్మాస్టరు సోమవారం ఇంకోసారి వింటానన్నారు. అదే ఆఖరు. ఆయనెందుకు పంపడం మానేశారో...”

తల్లి పక్కనే చతికిలబడింది.

“ఆయన మానలేదే. నేనే ఆపేశా.”

కూతురు తలెత్తింది.

“తిట్టావా?”

“నోటికొచ్చినట్టు.”

“అయితే నువ్వే చెయ్. నువ్వే అడుగు.”

చేసింది. ఎత్తారు. మాట లేదు. ఈసారి ఆ ఈల ఊపిరి కూడా లేదు.

“బాబూ, ఆ రోజు భయం కొద్దీ నోరు జారాను. మనసులో పెట్టుకోకు. మా పిల్ల ఉద్యోగం పోయేలా ఉంది. ఒక్క పాఠం పంపు నాయనా.”

కూతురు పెట్టేసెయ్యమని సైగ చేసింది. తల్లి చెవి దగ్గర్నుంచి ఫోను తియ్యలేదు.

ఎంతసేపటికో, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన ఆడపిల్ల గొంతు పలికింది.

“బాబు కాదండీ, మా అమ్మ. గొంతుకి ఆపరేషనయ్యి మాట పోయింది. నిన్న పొద్దున తనూ పోయింది. మంగళవారమే, గురువారం పాఠంతో సహా, ఓపిక చేసుకుని అన్నీ పంపింది. అన్నీ చేరకుండా ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయాయి. ‘నువ్వు చెప్పిన క్లాసే కదమ్మా, నీ పేరు చెప్పచ్చుగా’ అని ఎన్నిసార్లన్నా వినేది కాదు. ‘నా కుర్చీ అని తెలిస్తే ఆ పిల్ల అందులో సరిగ్గా కూర్చోలేదే’ అని పలక మీద రాసి చూపించేది.”