రోజుకు నాలుగిళ్లు

"రోజుకు నాలుగిళ్లేనా?" మేనేజరు కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు.

ఇళ్లకు నర్సులను పంపే కంపెనీ అది. ఎవరు ఎన్నిళ్లు తిరిగారో వాళ్ల ఫోనే చెప్పేస్తుంది. పట్టికలో అందరికంటే పైనున్నవాడు తొమ్మిదిళ్లు తిరుగుతాడు. అతన్ని ఆఫీసులో తూనీగ అంటారు. అట్టడుగున ఈమె. చేరి మూడు నెలలైనా ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. ఈమెకు పెట్టిన పేరు నత్త.

"మధ్యాహ్నం రెండు దాటితే నీ ఫోను నిద్రపోతోంది. నువ్వూ పడుకుంటున్నావా?"

ఆమె నవ్వలేదు.

"ఇంకో పదిహేను రోజులు ఉండనివ్వండి సార్. ఒక పెద్దాయన కాలి పుండు ఇప్పుడిప్పుడే మానుతోంది."

"ఒక్క పుండు కోసం జీతమిమ్మంటావా? నువ్వు పోతే ఇంకొకరు కడతారు కట్టు."

ఆమె ఏదో చెప్పబోయి, పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న తూనీగను చూసి ఆగిపోయింది. మెడలోని కంపెనీ కార్డు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

పీడ విరగడైందనుకున్నాడు మేనేజరు. ఆ నెల సగటు పెరిగింది. పైవాళ్లు శభాష్ అన్నారు. లెక్క పెరిగితే లోపలేముందో ఎవరడుగుతారు!

మూడు వారాలకు కబురొచ్చింది. ఒక దర్జీ కాలు మోకాలి కింద తీసేశారట. తూనీగ చూసే రోగే. మాట కంపెనీ మీదికి రాకుండా సర్దిచెప్పడానికి మేనేజరే బయలుదేరాడు.

చిన్న గది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశారు. దర్జీ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మా మనిషి రోజూ వచ్చాడమ్మా. రికార్డుంది," అన్నాడు మేనేజరు.

"రాకేం బాబూ, పొద్దున్నే వచ్చేవాడు," అంది దర్జీ భార్య. "గుమ్మంలో ఫోను నొక్కి, పాత కట్టు మీదే కొత్తది చుట్టేసి పోయేవాడు. మధ్యాహ్నం ఆ అమ్మాయొచ్చి అదంతా విప్పి, గంటసేపు కడిగి కట్టేది. కాలు దక్కుతుందని డాక్టరు కూడా అన్నాడు."

"ఏ అమ్మాయి?"

"మాట తక్కువ మనిషి. అతను చూసే ఇళ్లు ఇంకా మూడున్నాయని పరుగెత్తేది. మీరే పంపిస్తున్నారనుకున్నాం."

మేనేజరుకు నత్త గుర్తొచ్చింది. అడగక తప్పలేదు.

"మరి రావడం ఎందుకు మానేసింది?"

"మానలేదు బాబూ. కార్డు లేనివాళ్లను రానిస్తే వైద్యం ఆపేస్తామని మీ కంపెనీ మెసేజ్ పెట్టింది కదా... ఆ అమ్మాయి వారం రోజులు వచ్చి గుమ్మంలో నిలబడింది, నేనే తలుపు తియ్యలేదు."